ఇడ్లీ ఉడికే వేడిలో

“అయిదేళ్ళు చాలు నాన్నా, వచ్చేస్తాను” అని నేను మా నాన్నకి మాటిచ్చింది 2001 ఆగస్టులో, బేగంపేట విమానాశ్రయం బయట. ట్రాలీ మీద రెండు సూట్‌కేసులు. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో ఆవకాయ, కందిపొడి, ఒక ప్రెషర్ కుక్కర్. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ మాట అన్నప్పుడు నేను అబద్ధమాడలేదు. ఈ సంగతి ముందే మనవి చేసుకుంటున్నాను, ఎందుకంటే అబద్ధమాడి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేకపోయేది. అబద్ధమాడినవాడి సంగతి తేల్చడం తేలిక.

తిరిగి వెళ్ళకూడదని కూడా నేను ఏనాడూ నిర్ణయించుకోలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇన్నేళ్ళ కాలెండర్లు తిరగేసినా, ‘ఇవాళ్టితో ఆ ఆలోచన మానుకున్నాను’ అని చూపించగల తేదీ ఒక్కటీ దొరకదు. ఎమ్మెస్ అయ్యాక, అప్పు తీర్చి వెళదామనుకున్నాను. అప్పు తీరేసరికి హెచ్-వన్ వచ్చింది. గ్రీన్‌కార్డుకి అప్లై చేసి మధ్యలో వదిలేసి వెళ్ళేవాణ్ణి పిచ్చివాడంటారు. కార్డు చేతికొచ్చేసరికి అమ్మాయి కిండర్‌గార్టెన్లో ఉంది, ఇంటి మీద ముప్ఫై ఏళ్ళ మార్ట్‌గేజ్ ఉంది. ఈ పుస్తకం చేతిలో పట్టుకున్నవాళ్ళలో సగంమందికి ఇదే జాబితా, తేదీలు మాత్రం మారతాయి. మిగతా సగంమంది ఈ జాబితాని అవతలి ఒడ్డు నుంచి చూసినవాళ్ళు.

ఎవరూ నిర్ణయించకుండా, ఫలానా రోజున అని చెప్పడానికి వీల్లేకుండా, దానంతటది జరిగిపోయిన మార్పుకి ఎవరైనా జవాబుదారీ అవుతారా? నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న ఇది. వేదాంతం తెలిసిన మిత్రుల్ని అడిగితే “అంతా మార్పే కదండీ” అని నవ్వేసి, పెరుగన్నం కలుపుకున్నారు. జవాబు లాంటిది నాకు రెండు చోట్ల దొరికింది. ఒకటి, హ్యూస్టన్లో ఒక చమురు కంపెనీ వాళ్ళ రాళ్ళ గదిలో. రెండోది, మా చెల్లెలి నోట.

రాళ్ళ గది సంగతి ముందు చెబుతాను.

2014లో చమురు ధర కూలాక ఇక్కడి కంపెనీలన్నీ పొదుపులో పడ్డాయి. పాత కంప్యూటర్ సిస్టమ్‌లు మూసేసి అందులోని డేటా అంతా ఒక కొత్తదానిలోకి తరలించే పని నాకు కాంట్రాక్టుగా దొరికింది. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. రాళ్ళ గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. మా ఊరు మండపేట దగ్గర కాబట్టి పొలాల మధ్య ఓఎన్‌జీసీ రిగ్గులు చూస్తూ పెరిగాను, అంతే. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి రెండు నెలలపైన మండినప్పుడు నాన్న స్కూటర్ మీద తీసుకెళ్ళి దూరం నుంచి చూపించాడు. “ఇంత నిప్పు మన కాళ్ళకింద ఉందిరా” అన్నాడు. నా భూగర్భశాస్త్రం అక్కడితో సరి.

తరలించాల్సిన డేటాలో టెక్సస్ తీరం పొడుగునా తవ్విన బావుల నుంచి తీసిన ఇసుకరాళ్ళ వివరాలున్నాయి. ఒక్కో రాతి ముక్కకి ఒక్కో వరస: ఎంత లోతు, ఎంత క్వార్ట్జ్, ఎంత ఫెల్డ్‌స్పార్, ఎంత ఖాళీ. వాటిలో పొటాష్ ఫెల్డ్‌స్పార్ అనే గడి ఒకటి. పైలోతుల్లో అందులో అంకెలు బాగానే ఉన్నాయి. కిందికి వెళ్ళేకొద్దీ తగ్గుతూ వచ్చి, సుమారు నాలుగు కిలోమీటర్లు దాటాక అన్నీ సున్నాలే. మా వృత్తిలో సున్నాకీ, ఖాళీకీ ఉన్న తేడా పట్టుకునే బతుకుతాం. సున్నా అంటే కొలిచారు, ఏమీ లేదు. ఖాళీ అంటే కొలవనేలేదు. పాత సిస్టమ్ ఖాళీల్ని సున్నాలుగా మార్చేసిందని నేను నిశ్చయించుకుని, ‘నాలుగు కిలోమీటర్ల కింద డేటా పోయింది’ అని బగ్ రిపోర్టు రాసి పంపించాను. పట్టేశానని కొంచెం గర్వంగా కూడా ఉంది.

మర్నాడు ఒకావిడ నా క్యూబికల్‌కి వచ్చింది. రాళ్ళని మైక్రోస్కోపులో చూడటమే పనిగా ముప్ఫై ఏళ్ళపైన గడిపి, రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. “నీ డేటా ఎక్కడికీ పోలేదు. ఫెల్డ్‌స్పారే పోయింది. రా, చూపిస్తాను” అంది.

ఆవిడ ఆ రోజు చెప్పిందీ, తరువాత నేను సొంతంగా చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. ఇక్కడి గల్ఫ్ తీరం (మన వాళ్ళకి గల్ఫ్ అంటే దుబాయి, ఇది వేరు) కింద ఫ్రియో అనే ఇసుకరాతి పొర ఉంది. సుమారు మూడు కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చి పోసిన ఇసుక అది. హ్యూస్టన్‌కి దక్షిణంగా ఉన్న బ్రజోరియా కౌంటీలో ఈ పొరని బాగా పరిశీలించారు. పేర్‌లాండ్ మీనాక్షి గుడి ఉన్నది ఈ కౌంటీలోనే. అంటే మనం చెప్పులు విప్పి ప్రదక్షిణాలు చేసే నేలకి చాలా కింద జరిగిన సంగతి ఇది. ఇసుక మీద ఇసుక, బురద మీద బురద పడుతూ, అడుగు కుంగుతూ, ఆ గింజలు మెల్లమెల్లగా కిలోమీటర్ల లోతుకి దిగిపోయాయి. అవి ఎక్కడికీ ప్రయాణం కట్టలేదు. ఉన్నచోటే ఉన్నాయి, పైన బరువు పెరిగింది.

లోతుకి దిగితే వేడి. రాయి మారాలంటే అగ్నిపర్వతంలాంటి వేడి కావాలని నేననుకునేవాణ్ణి. కాదట. ఇక్కడ మూడు కిలోమీటర్ల లోతున ఉండేది సుమారు వంద డిగ్రీలు, అంటే ఇడ్లీ ఉడికే వేడి. ఇంకాస్త కిందికి వెళితే నూట ఇరవై, ప్రెషర్ కుక్కర్లో పప్పు ఉడికే వేడి. నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర నూట యాభై. గ్రానైట్ కరగాలంటే ఆరేడు వందల డిగ్రీలు కావాలి, దాని ముందు ఇదెంత? కాని ఈ వంటింటి వేడికి, గింజల మధ్య కాస్త ఉప్పునీరూ, కోట్ల ఏళ్ళ వ్యవధీ తోడైతే చాలు, రాతిలో ఉన్న ఖనిజాలు ఒకటి పోయి ఒకటి వస్తాయి.

బయటికి ఏమీ తెలియదు, అదీ విశేషం. 1954లో న్యూజిలాండ్‌లో డగ్లస్ కూంబ్స్ అనే ఆయన సౌత్‌లాండ్ ప్రాంతపు ట్రయాసిక్ రాళ్ళమీద వ్యాసం ప్రచురించాడు. కొన్ని కిలోమీటర్ల మందాన పేరుకున్న ఇసుకరాళ్ళు, బూడిదరాళ్ళు. చూడటానికి మామూలు అవక్షేపాల్లాగే ఉన్నాయి. మడతలు పడి మెరిసే పలకరాయి లక్షణాలేవీ లేవు. కాని మైక్రోస్కోపు కింద పైపొరల్లో ఒకరకం ఖనిజాలు, లోతు పొరల్లో వాటి స్థానంలో వేరే ఖనిజాలు. ఒత్తిడితో నలగకుండా, కేవలం పూడుకుపోయి ఉండటం వల్ల జరిగే ఈ మార్పుకి తరువాత ఆయనే ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే ‘పూడిక రూపాంతరం’ అనొచ్చు. ఎక్కడిదాకా మామూలు రాయి, ఎక్కడినుంచి రూపాంతరం చెందిన రాయి అనే గీతని మాత్రం ఇప్పటికీ ఎవరికి తోచినచోట వాళ్ళు గీస్తారు. నూట యాభై డిగ్రీలు అనేవాళ్ళున్నారు, రెండు వందలు అనేవాళ్ళున్నారు. నా కాలెండర్లో తేదీ దొరకనట్టే.

మైక్రోస్కోపు దగ్గర ఆవిడ నాకు రెండు స్లైడ్లు చూపించింది. రాతి ముక్కని వెంట్రుక మందంలో సగానికి అరగదీసి గాజుపలకకి అంటిస్తారు. గింజల మధ్య సందుల్లో నీలంరంగు జిగురు నింపుతారు కనక, నీలం కనిపించినచోటల్లా ఖాళీ అని అర్థం.

మొదటి స్లైడులో క్వార్ట్జ్ గింజ. లోతున నీళ్ళలో కరిగి ఉన్న సిలికా వచ్చి ఈ గింజ చుట్టూ కొత్త క్వార్ట్జ్‌గా పేరుకుంటుంది. పాత గింజలో అణువులు ఏ వరసలో ఉన్నాయో కొత్తవీ అదే వరసలో కూర్చుంటాయి. అందుకని పాతదేదో కొత్తదేదో మామూలు వెలుగులో విడదీయలేం. మధ్యలో ఒక్కోచోట సన్నటి దుమ్ముగీత కనిపిస్తుంది, అంతే. గింజ నదిలో దొర్లుతున్న రోజుల్లో ఒంటికి అంటుకున్న దుమ్ము అది. ఇంగ్లండులో హెన్రీ సోర్బీ ఈ పెరుగుదలల్ని 1880లోనే వర్ణించాడు. గీత కూడా లేని గింజల సంగతి తేలడానికి ఇంకా ఎనభై ఏళ్ళకి పైనే పట్టింది. ఎలక్ట్రాన్ల ధారతో కొడితే పాత గింజ ఒక రంగులో, తరువాత పెరిగినది వేరే రంగులో మెరుస్తాయి. ఆ వెలుగులో ఇసుకరాళ్ళని చూసి రాబర్ట్ సిపెల్ 1968లో రాశాడు. ఆవిడ ఆ మీట నొక్కగానే నాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా కోణాలు తేలి, ఒకదాన్నొకటి కరుచుకుని ఇటుకల గోడలా కనిపించిన రాతిలో, లోపల గుండ్రటి నది ఇసుక గింజలు, ఒక్కొక్కటీ విడివిడిగా, వచ్చిననాటి ఆకారంతో ప్రత్యక్షమయ్యాయి.

మనందరికీ ఇష్టమైన బొమ్మ ఇది. నేనూ ఆ సాయంత్రం కారులో ఇంటికొస్తూ దీన్ని నాకు అన్వయించుకుని మురిసిపోయాను. పైన ఎంత అమెరికా పేరుకున్నా లోపల మండపేట గింజ చెక్కుచెదరలేదు, సరైన వెలుగులో చూస్తే కనిపిస్తుంది అని. తెలుగు సంఘాల సావనీర్లలో సగం వ్యాసాల సారాంశం ఇదే. నేనూ ఒకటి రాశాను, ఒప్పుకుంటున్నాను.

కాని రెండో స్లైడు వేరే కథ. అదీ ఫెల్డ్‌స్పారే, ఆకారం చక్కగా ఉంది. కాని పరీక్ష చేసి చూస్తే, ఆ ఆకారంలో ఉన్నది వచ్చిననాటి ఖనిజం కాదు. పొటాషియమో కాల్షియమో ఉండాల్సిన చోట సోడియం చేరింది. దాన్ని ఆల్బైట్ అంటారు. లోపల కొంచెం కొంచెంగా కరగడం, కరిగినచోటే కొత్తది కట్టుకోవడం, ఇలా గింజ మొత్తం మారిపోతుంది. అడ్రసు అదే, కాపురం వేరు. అదీ దక్కని గింజలు పూర్తిగా కరిగిపోయి, గింజ ఉండాల్సిన చోట నీలం మచ్చ మాత్రం మిగులుతుంది. నేను బగ్ అనుకున్న సున్నాలు ఇవే.

లోపలి గింజ భద్రంగా ఉందనుకునేవాళ్ళం, నిజానికి ఈ రెండో రకం కాదని ఎలా చెప్పగలం? సంక్రాంతికి పంచె కడతాను. బొమ్మల కొలువుకి పిల్లల్ని తిప్పుతాను. ఆకారం ఎక్కడా చెదరలేదు. కాని ఊళ్ళో పక్కింటాయన చనిపోయాడని అమ్మ చెబితే, ‘అయ్యో’ అని, ఇటు తిరిగి మీటింగులో అన్‌మ్యూట్ నొక్కుతాను. ఆ పక్కింటాయన నాకు ఈత నేర్పినవాడు. 2001లో వచ్చిన కుర్రాడైతే ఆ రోజు అన్నం తినేవాడు కాదు.

మారకుండా ఉండే ఉపాయం ఒకటుంది రాళ్ళలో. లూసియానాలో టస్కలూసా అనే ఇసుకరాయి ఆరు కిలోమీటర్ల లోతున కూడా కొన్నిచోట్ల ఇరవై శాతం పైన ఖాళీతో ఉంది. ఆ లోతున ఉండకూడనంత ఖాళీ. కారణం, ప్రతి గింజకీ తొలిరోజుల్లోనే పట్టిన క్లోరైట్ అనే ఆకుపచ్చ బంకమట్టి పూత. ఆ పూత ఉంటే కొత్త క్వార్ట్జ్ గింజని పట్టుకోలేదు, సందులు మూసుకోవు. మనలోనూ అలాంటివాళ్ళున్నారు. వచ్చిన ఏడాది ఎలా ఉన్నారో అలాగే ఉంటారు. వాళ్ళ తెలుగులో ఇంకా 1988 నాటి సినిమా డైలాగులే. నాకు వాళ్ళంటే గౌరవమే, కాని ఆ పూత నా ఒంటికి పడదు. మారడమే తప్పని నేననను. నా ప్రశ్న అది కాదు.

ఇక చెల్లెలి సంగతి.

నాన్న 2018లో పోయారు. అంతకుముందు మూడేళ్ళు కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు రాజమండ్రిలో డయాలసిస్. తీసుకెళ్ళిందీ, గంటలు గంటలు బెంచీ మీద కూర్చుందీ చెల్లెలూ, బావగారూ. నేను డబ్బు పంపించాను. ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. ఈ మాట చెప్పుకోవాలనిపించడమే నాకు కాస్త సిగ్గుగా ఉంది. నాన్నకి మేడ మీద ఒక గది ఉండేది, 2004లో నేను పంపిన మొదటి డబ్బుతో వేయించింది. టీచర్లూ, బ్యాంకు వాళ్ళూ ఎంతమంది అద్దెకి అడిగినా ఇవ్వలేదు. “మావాడొస్తే ఎక్కడుంటాడు?” అనేవారట. పద్నాలుగేళ్ళు ఆ గది తాళం వేసే ఉంది.

2023 డిసెంబరులో వెళ్ళినప్పుడు ఆ ఇల్లు ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. అమ్మ ఒక్కతే ఉండలేదు, కదలనూ కదలదు. మాట మీద మాట పెరిగి చెల్లెలు, “నాన్నకి వస్తానని చెప్పింది నువ్వు కాదా?” అంది. నాకు ఏం తోచక, రాళ్ళ గదిలో నేర్చుకున్న తెలివి బయటపెట్టాను. “ఆ మాటిచ్చినవాడు వేరమ్మా. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. వాడి ఆలోచనలు వేరు, ఇష్టాలు వేరు. వాడిలో ఇప్పుడు నాలో మిగిలిందెంత? వాడిచ్చిన మాటకి నన్ను పట్టుకుంటే ఎలా?”

చెల్లెలు స్టవ్ కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “అయితే నాన్న ఎకరం అమ్మి డబ్బిచ్చింది ఆ కుర్రాడికన్నమాట. వాడెక్కడుంటున్నాడో అడ్రసు చెప్పన్నయ్యా, వెళ్ళి వసూలు చేసుకొస్తాను.”

అమ్మ పక్కగదిలోంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ వాదం చాలా పాతదని తరువాత తెలిసింది. యవన రాజు మిలిందుడికీ, నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకీ జరిగిన సంవాదంలో ఒక పాలకుండ కథ వస్తుంది. ఒకడు గొల్లవాడి దగ్గర కుండెడు పాలు కొని, రేపు పట్టుకెళతానని అక్కడే వదిలి వెళతాడు. మర్నాటికి అవి పెరుగవుతాయి. కొన్నవాడు వచ్చి, నేను కొన్నది పాలు, నా పాలు నాకివ్వమని తగవుకి దిగుతాడు. నువ్వయితే ఎవరి పక్షం తీరుస్తావని భిక్షువు అడిగితే, గొల్లవాడి పక్షమే అంటాడు రాజు. ఆ పెరుగు ఆ పాలలోంచి వచ్చిందే కదా. మనిషిలో మారకుండా ఉండే ఆత్మ ఉందని బౌద్ధులు ఒప్పుకోరు. అయినా సరే, లెక్క మాత్రం పాలనుంచి పెరుగుకి నడుస్తుందంటారు. లోపల దుమ్ముగీత చాటున అసలు గింజ ఉందా లేదా అన్నదానితో బాకీకి సంబంధం లేదు.

ఆమాటకొస్తే ఇది నాకు వృత్తిరీత్యా ముందే తెలిసుండాలి. ఒక బ్యాంకు సిస్టమ్‌ని మేము పన్నెండేళ్ళలో ముక్కముక్కగా మార్చాం. చివరికి మొదటి రోజు రాసిన కోడ్ లైను ఒక్కటీ మిగల్లేదు. కాని ప్రతి మార్పుకీ ముందొకసారీ, తరువాతొకసారీ ఖాతాదారుల నిల్వలు సరిచూసేవాళ్ళం. కోడ్ ఎంత మారినా ఫరవాలేదు, బాకీ మారకూడదు. ‘మీ డబ్బు తీసుకున్న ప్రోగ్రాం ఇప్పుడు లేదండీ’ అని బ్యాంకు ఎవరికైనా చెబితే ఊరుకుంటారా?

చెల్లెలు గెలిచింది. ఇక్కడితో ఆపేయొచ్చు. కాని నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆవిడ గెలుపు కాదు, తిరిగొచ్చాక నేను చదివిన ఒక విషయం. ఆ సున్నాల సంగతి నేను సగమే విన్నాను. పొటాష్ ఫెల్డ్‌స్పార్ పోయింది, సరే. అందులోని పొటాషియం ఏమైనట్టు?

ఇసుకపొరల మధ్య బురదపొరలుంటాయి. బిగుసుకుని షేల్ అనే రాయవుతాయి. పైలోతుల్లో ఆ బురదలో ఉండేది ఎక్కువగా స్మెక్టైట్, నీళ్ళు తాగి ఉబ్బే రకం మట్టి. మన నల్లరేగడి ఎండితే నెర్రెలిచ్చేదీ, వానకి ఉబ్బేదీ ఇది ఉండబట్టే. కిందికి దిగేకొద్దీ అది పొటాషియాన్ని లోపలికి తీసుకుని, నీళ్ళు వదిలేసి, ఇలైట్ అనే గట్టి మట్టిగా మారుతుంది. 1976లో హవర్, ఆయనతో మరి ముగ్గురు ఈ తీరంలోని ఒక బావి పొడుగునా దీన్ని కొలిచారు. రెండు వేల మీటర్ల దగ్గర ఇరవై శాతంగా ఉన్న ఇలైట్ పొరలు మూడువేల ఏడువందల మీటర్లకి వచ్చేసరికి ఎనభై శాతమయ్యాయి. దానికి కావలసిన పొటాషియం ఆ షేల్‌లోనే ఉన్న ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఇచ్చాయని వాళ్ళ లెక్క. తరువాత టెక్సస్ యూనివర్సిటీలో లించ్ లాండ్ కాదు, లింటన్ లాండ్, కిటీ మిలికెన్ (మొదటి పేరు నేను ఎప్పుడూ తప్పు పలుకుతాను) 1981లో బ్రజోరియా కౌంటీ ఫ్రియోని పరిశీలించి, ఇసుకరాతిలో ఫెల్డ్‌స్పార్ ఎంత భారీగా మాయమైందో చూపించారు. అంత పొటాషియం గాలిలో కలవదు. పక్కనున్న షేల్‌లోకి చేరి ఉండాలి. ఎంత దూరం నడిచింది, ఎవరిది ఎవరికి చేరింది అన్న లెక్క మీద వాదన నడుస్తూనే ఉంది. కాని ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందన్న విషయంలో తగవు లేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇన్నాళ్ళూ నేను ఒక్క గింజనే పట్టుకుని, ఇది అదేనా, వేరేదా అని తిప్పి తిప్పి చూస్తున్నాను. నేను మారానా, మారినవాడు బాధ్యుడా. అన్నీ నా చుట్టూ తిరిగే ప్రశ్నలే. నేను వదిలేసినది ఎవరు తీసుకున్నారని ఒక్కసారి అడగలేదు.

చెల్లెలు గవర్నమెంటు స్కూల్లో టీచరు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వస్తే వద్దని రాసిచ్చింది, పోస్టింగు దూరమని. అది నాన్న డయాలసిస్ మొదలైన ఏడాది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. “నీకు పిల్లలతో ఉండటమే ఇష్టం కదా” అని నేనే ఫోన్లో అన్నాను. పెళ్ళయి వెళ్ళేటప్పుడు నవ్వుతూ తుళ్ళుతూ ఉండే పిల్ల, ఇప్పుడు అరగంటకోసారి గడియారం చూసుకునే మనిషైంది. ఊళ్ళో అందరూ “మీ చెల్లెలు చాలా గట్టి మనిషండీ” అంటారు. పుట్టుకతో గట్టిది కాదు. నేను ఒక్కో ఏడూ రాకుండా ఉన్నప్పుడల్లా, ఆ ఏడు చెయ్యాల్సినదేదో ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. దానికీ తేదీలు లేవు. ఆవిడా ఏనాడూ నిర్ణయించుకోలేదు.

రాయికీ మనకీ తేడా లేదని నేననను. ఇసుక గింజకి తాను ఎంత లోతుకి దిగిందో తెలిసే దారి లేదు. ఎవరో బావి తవ్వి, ముక్క కోసి, పైకి తెచ్చి చూడాలి. మనకి మాత్రం రెండేళ్ళకోసారి డిసెంబరు సెలవులున్నాయి. వెళ్ళిన ప్రతిసారీ చూశాను. నాన్న మెట్లు ఎక్కడం మానేసిన ఏడు చూశాను. అమ్మ టీవీ సౌండు పెంచిన ఏడు చూశాను. చెల్లెలి జడ సన్నబడిన ఏడు చూశాను. మెల్లగా జరిగింది కాబట్టి తెలియలేదని చెప్పే హక్కు గింజకుంది, నాకు లేదు. నిర్ణయం తీసుకోలేదంటున్నానే, ప్రతి జనవరిలోనూ శంషాబాదులో బోర్డింగ్ పాస్ చేతిలో పట్టుకుని ‘వచ్చేసారి చూద్దాం’ అనుకున్నది నిర్ణయం కాక మరేమిటి? చిన్నది కనక లెక్కలో రాయలేదు. ఇడ్లీ ఉడికే వేడి.

తిరిగి వెళ్ళిపోతున్నానని ఇక్కడ రాస్తే కథ బాగుండును. వెళ్ళడం లేదు. అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు, మా ఆవిడ ఉద్యోగం ఇక్కడ, నేను కూడా, నిజం చెప్పాలంటే, ఇక్కడివాణ్ణే. నాన్నకి ఇచ్చిన మాట తీర్చే వీలు నాన్నతోనే పోయింది. ఆయన పేరుకి ఎదురుగా నా వరసలో ఉన్నది ఖాళీ కాదు, సున్నా. కాని చెల్లెలు తీసుకున్నది చెల్లెలి దగ్గరే ఉంది, కొంతైనా తిరిగి పుచ్చుకోవచ్చు. అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. “మూడు వారాలు వచ్చి హడావుడి చేసి పోతావు, నువ్వెళ్ళాక అమ్మని మళ్ళీ దారిలో పెట్టడానికి నాకు నెల పడుతుంది” అంది. అందులో అబద్ధమేం లేదు.

చివరికి ఏడాదికి మూడు నెలలు అక్కడ కూర్చుని పని చేసుకునేలా క్లయింటుతో మాట్లాడుకున్నాను, డబ్బు కొంత తగ్గించుకుని. జనవరి నుంచి మార్చి దాకా. మేడ మీద గదికి ఇంటర్నెట్ పెట్టించమంటే బావగారు పెట్టించారు. తాళం తుప్పుపట్టి రాకపోతే పగలగొట్టాల్సి వచ్చిందట. చెల్లెలు బెంగుళూరులో ఉన్న కూతురి దగ్గరికి, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి నెల్లాళ్ళు ఉండటానికి, టిక్కెట్లు తీసుకుంది.

నిన్న అమ్మ మందుల చీటీ ఫోటో తీసి పంపింది. తొమ్మిది రకాలు. నాకు వాటిలో రెండే తెలుసు. ఫోన్ చేసి, “ఈ చిన్న తెల్లబిళ్ళ భోజనానికి ముందా, తరవాతా?” అని అడిగాను.

“చిన్న తెల్లవి రెండున్నాయి. ఏదంటున్నావు?”

“గీత ఉన్నది.”

“రెండిటికీ గీత ఉంటుందన్నయ్యా. కాగితం తెచ్చుకో, చెబుతాను. ఒక్కసారే చెబుతాను, నీళ్ళొచ్చే టైమైంది.”